కొలువులో రాక్షసిబల్లి – ఒక సందేహము, సమాధానము



గత దసరాకు మా ఇంటి బొమ్మలకొలువును చూడవచ్చిన వారిలో పలువురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "పంతులుగారూ, అమ్మవారి కొలువులో ఆ రాక్షసిబల్లులేమిటి? శాస్త్రం ఒప్పుతుందా?" అని. నిలబడి రెండు మాటలలో చెప్పదగిన విషయం కాదు గనుక అప్పటికి నవ్వి ఊరకున్నాను. అదే ప్రశ్న ఈ పత్రిక నడిపే పెద్దల వద్దకు కూడా చేరిందట. సమాధానం వ్రాసి ఇమ్మన్నారు. జంతువుల చిన్న బొమ్మలను సేకరించడమనే ఈ అలవాటును గూర్చి, అందులో నేను నేర్చుకొన్న దానిని గూర్చి, చేసిన ఒక తప్పును గూర్చి కూడా ఇక్కడ విన్నవించుకొంటాను.

పెట్టె వచ్చిన విధం

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కొడుకుకు తొమ్మిదేళ్ళు. దసరా సెలవులకు వస్తూ మనవడు ఒక పెట్టె తెచ్చాడు. అందులో 37 బొమ్మలు. ఏనుగు, ఖడ్గమృగం, జిరాఫీ వంటి నేటి జంతువులు కొన్ని, ఏనాడో అంతరించిన జంతువులు కొన్ని. ఒక్కొక్కదానినీ గుడ్డతో తుడిచి, పేరు చెప్పి, వరుసలో నిలబెట్టి, "తాతగారూ, వీటిని మన కొలువులో పెడదామా?" అన్నాడు.

మా అక్కయ్య ఎనభై దాటిన మనిషి. "ఒరే తమ్ముడూ, పేరులోనే రాక్షసి ఉన్నదానిని అమ్మవారి ఎదుట పెడతావా?" అన్నది. నేను సమాధానం చెప్పేలోపే మా అబ్బాయి నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "నాన్నగారూ, కొలువులో పెట్టకపోయినా ఫరవాలేదు. పెట్టెను మాత్రం పారవేయకండి."

ఆ మాట ఎందుకు అన్నాడో నాకు తెలుసు, వాడికి తెలుసు. నలభై ఏళ్ళ క్రిందట వాడికీ ఒక డబ్బా ఉండేది. తిరునాళ్ళలో కొన్న రబ్బరు, ప్లాస్టిక్ జంతువులు అందులో దాచుకొనేవాడు. ఒకనాడు గో శబ్దం అప్పజెప్పమంటే తృతీయా విభక్తి దగ్గర తడబడ్డాడు. చూస్తే చేతిలో ఆవు బొమ్మ. చదువుకు ఇదే శత్రువని తలచి, ఆ సాయంకాలమే డబ్బా మొత్తం పాత సామానుల వానికి ఇచ్చివేశాను. పిల్లవాడు ఏడవలేదు. ఆ తరువాత ఏదీ సేకరించనూ లేదు. చేతిలో గోవును పట్టుకొని గో శబ్దం నేర్చుకొంటున్న పిల్లవాని నుండి గోవును లాగివేశానని నాకు తోచడానికి ఇంతకాలం పట్టింది.

పేరు తెలియడం, వస్తువు తెలియడం

నా చదువును గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. బాల్యంలో అమరకోశంలోని సింహాది వర్గాన్ని కంఠస్థం చేశాను. లేళ్ళ జాతులే రురువు, న్యంకువు, శంబరం, పృషతం, కృష్ణసారం అంటూ ఎన్నో పేర్లు. ఖడ్గమృగానికి గండకం, ఖడ్గం, ఖడ్గి అని మూడు పేర్లు. నిద్రలో లేపినా చెప్పగలిగేవాడిని. ఉద్యోగంలో చేరిన తరువాత విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక జంతుప్రదర్శనశాలకు వెళ్ళాను. నీటిలో సగం మునిగిన ఒక స్థూలకాయాన్ని చూపి, "నాయనలారా, ఇదే గండకం" అన్నాను. పలక చదివిన ఒక శిష్యుడు, "అయ్యా, అది నీటిగుర్రమని వ్రాసి ఉన్నదండీ" అన్నాడు. మూడు పేర్లు వచ్చిన నాకు ఆ పేర్లు గల జంతువు తెలియదు.

న్యాయశాస్త్రంలో ఉపమాన ప్రమాణానికి చెప్పే ప్రసిద్ధమైన ఉదాహరణ ఇక్కడే పనికివస్తుంది. గవయం అంటే ఏమిటో తెలియని పట్టణవాసి ఒకడు అడవి తెలిసిన వానిని అడుగుతాడు. "ఆవును పోలి ఉంటుంది" అని అతడు చెబుతాడు. తరువాత అడవికి వెళ్ళి ఆవును పోలిన మృగాన్ని చూచి, విన్న మాటను స్మరించి, "ఇదే గవయం" అని గుర్తిస్తాడు. పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధం పోలిక ద్వారా తెలియడమే ఉపమితి. మంచి జంతువు బొమ్మ చేసే పని కూడా ఇదే. చిన్ననాడు నా చేతిలో ఖడ్గమృగం బొమ్మ ఒకటి ఉండి ఉంటే శిష్యుల ఎదుట ఆ పొరపాటు జరిగేది కాదు.

బొమ్మ మనకు క్రొత్త కాదు

జంతువుల బొమ్మలు విదేశీ వ్యామోహమని కొందరు అంటారు. అది సరికాదు. సింధులోయ త్రవ్వకాలలో మట్టి ఎద్దులు, చక్రాల బండ్లు దొరికాయి. మొహెంజొదారోలో తల ఊపే ఎద్దు బొమ్మ కూడా బయటపడింది. తల విడిగా చేసి దారంతో కదిలేటట్లు అమర్చారు. గుడ్డతోను, దంతం మొదలైన వాటితోను చేసిన బొమ్మలకు అమరసింహుడు పాంచాలిక, పుత్రిక అని పేర్లు చెప్పాడు. శూద్రకుని మృచ్ఛకటిక నాటకానికి ఆ పేరు ఒక పిల్లవాని మట్టిబండి వల్లనే వచ్చింది.

మన తెలుగుదేశంలో కొండపల్లి కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి అతికి, రంగులు వేస్తారు. వారి అంబారీ ఏనుగు ఉండని కొలువు అరుదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో నునుపు తెస్తారు. చెట్ల వేళ్ళు, బెరళ్ళు, గింజలు, ఆకుల నుండి తీసిన రంగులు వాడడం వారి ప్రత్యేకత.

పాశ్చాత్య దేశాలలో ఈ సేకరణ వేరొక మార్గాన పెరిగింది. లండనులోని బ్రిటన్స్ అనే సంస్థ 1893లో సీసంతో లోపల బోలుగా బొమ్మలు పోతపోసే పద్ధతిని తెచ్చింది. మొదట సైనికులు, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆవులు, గుర్రాలు, గొర్రెలు వచ్చాయి. పిమ్మట సీసం పోయి ప్లాస్టిక్ వచ్చింది. నేడు జర్మనీలోని ష్లైక్, ఫ్రాన్సులోని పాపో, అమెరికాలోని సఫారీ వంటి సంస్థల బొమ్మలు మన నగరాల అంగళ్ళలో కూడా దొరుకుతున్నాయి.

చూడని జంతువుకు రూపం ఎలా?

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాము. ఏ మనిషీ చూడని జంతువుకు బొమ్మ ఎలా చేస్తారు? కొండపై పొగను చూచి నిప్పును ఊహించినట్లే. ఎముక హేతువు, శరీరం సాధ్యం. ఇది అనుమాన ప్రమాణం.

హేతువు దుష్టమైతే అనుమానమూ తప్పుతుంది. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు 1842లో ఈ జీవులకు డైనోసారులని పేరు పెట్టాడు. భయంకరమైన బల్లి అని గ్రీకు పదాల అర్థం. వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి ఆయన సలహాతో లండను సమీపాన సిడెన్‌హామ్‌లో నిలువెత్తు ప్రతిమలను నిర్మించాడు. 1854లో ప్రజలు వాటిని చూశారు. నేటికీ అవి అక్కడ ఉన్నాయి. వాటి చిన్న నమూనాలను బోధన కోసం విక్రయించారు కూడా. అంతరించిన జంతువుల బొమ్మల సేకరణకు అది ఆరంభదశ అనవచ్చు.

ఆ ప్రతిమలలో ఇగ్వానొడాన్ అనే జంతువుకు ముక్కు మీద కొమ్ము పెట్టారు. వాడి అయిన ఎముక ఒకటి విడిగా దొరికింది. అది ముక్కు మీది కొమ్ము అనుకొన్నారు. 1878లో బెల్జియం దేశపు బొగ్గుగనిలో పూర్తి అస్థిపంజరాలు దొరికాయి. అప్పుడు అది ముక్కుది కాదు, చేతి బొటనవ్రేలిది అని తేలింది. హేత్వాభాసకు ఇంతకంటె చక్కని ఉదాహరణ నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. తప్పు తెలిసిన వెంటనే దిద్దుకోవడం ఆ శాస్త్రపు గొప్పదనం.

రాక్షసిబల్లి అనే మన మాట ఆ గ్రీకు పేరుకు అనువాదమే. ఆ జంతువులు రాక్షసులూ కావు, బల్లులూ కావు. వాటిలో చాలా భాగం ఆకులలములు తిని బ్రతికినవి. నేటి పక్షులు వాటి సంతతేనని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. 1996 నుండి చైనాలో ఈకల గుర్తులతో కూడిన డైనోసారు శిలాజాలు దొరుకుతున్నాయి. ఈ సంగతి చెప్పగా మా అక్కయ్య కొంచెం మెత్తబడింది.

మన నేలలోనివి

ఇవన్నీ పరదేశపు జంతువులని అనుకోనవసరం లేదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద, ప్రాణహిత గోదావరి లోయలోని కోట శిలల పొరలలో ఒక పెద్ద శాకాహార డైనోసారు ఎముకలు దొరికాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలలో ఈ విధంగా నిలిచింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టారు. ప్రాణహితకు ఆవలి ఒడ్డున గడ్చిరోలి జిల్లాలో దొరికిన మరొక జాతికి బారపాసారస్ టాగోరై అని పేరు. దానికోసం అన్వేషణ మొదలైన 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరం కావడం వల్ల ఆ పేరు వచ్చింది. దాని అస్థిపంజరం కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉన్నది.

నవరాత్రులకు వారం రోజుల ముందు హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. మనవడిని వెంటబెట్టుకొని ప్రదర్శనశాలకు వెళ్ళాను. వాడు చాలాసేపు మాటాడకుండా చూశాడు. తరువాత, "తాతగారూ, ఇది నా పెట్టెలో లేదు. మనమే చేద్దామా?" అన్నాడు.

ఇంటికి వచ్చి బంకమట్టి కలిపాము. జానెడు బొమ్మ మొదలుపెట్టాము. కాళ్ళు, తోక, మెడ అయ్యాయి. తల దగ్గర వాడు ఆగాడు. ఈ జంతువు శరీరపు ఎముకలు ఎన్నో దొరికాయి కాని, తలకు సంబంధించి పళ్ళు తప్ప దొరకలేదు. "తెలియని తలను ఎలా చేయాలి తాతగారూ?" అన్నాడు. దాని బంధుజాతుల తలలు ఎలా ఉన్నవో చూచి చేద్దాము, చేసి ఇది ఊహ అని ప్రక్కన వ్రాద్దాము అన్నాను. వాడు తృప్తిపడ్డాడు. నాకు కూడా అది తర్కపాఠమే.

సేకరించేవారికి కొన్ని సూచనలు

మన పిల్లలలో ఈ అభిరుచి ఉన్న ఇళ్ళవారికి ఉపయోగపడునని నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మొదటిది మానము. మన శిల్పశాస్త్రంలో తాలమానం ఉన్నట్లు ఈ బొమ్మలకూ కొలత ఉన్నది. అమెరికాలో కార్నెగీ ప్రదర్శనశాల పేరిట 1988 నుండి 2015 వరకు వచ్చిన డైనోసారు బొమ్మలను చాలావరకు 1:40 నిష్పత్తిలో చేశారు. అనగా 40 అడుగుల టైరనోసారస్ బొమ్మ 1 అడుగు ఉంటుంది. అదే నిష్పత్తిలో 10 అడుగుల ఎత్తు గల ఏనుగు 3 అంగుళాలు, మనిషి రెండంగుళాల లోపు. ఒకే నిష్పత్తిలోని బొమ్మలను ప్రక్కప్రక్కన పెడితే ఏది ఎంతటిదో పిల్లవానికి కన్నులకు కట్టుతుంది. అంగడి సంచులలో కలిపి అమ్మే బొమ్మలలో ఏనుగూ ఎలుకా ఒకే పరిమాణంలో ఉంటాయి. వాటిని ఆటకు ఉంచవచ్చు గాని పోలికకు పనికిరావు.

రెండవది కాలము. ఒకే సంచిలో ఉన్నవన్నీ ఒకే కాలానివి కావు. వీపున పలకలు గల స్టెగోసారస్ సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటిది. టైరనోసారస్ అంతరించి 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. కాబట్టి టైరనోసారస్‌కు స్టెగోసారస్ కంటె మనమే కాలంలో దగ్గర. బొచ్చు ఏనుగు డైనోసారు కాదు. ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ ద్వీపంలో అది సుమారు 4,000 ఏళ్ళ క్రిందటి వరకు జీవించింది. వీపున తెరచాప వంటిది గల డైమెట్రొడాన్ కూడా డైనోసారు కాదు. అది వాటికంటె ఎంతో ముందటిది, పాలిచ్చే జంతువుల శాఖకు చేరువైనది. ఎగిరే టెరనొడాన్ కూడా వేరే శాఖ.

మూడవది భంగిమ. తోకను నేలమీద ఈడ్చుతూ నిటారుగా నిలబడిన టైరనోసారస్ బొమ్మ పాత అభిప్రాయం ప్రకారం చేసినది. శరీరం నేలకు సమాంతరంగా, తోక గాలిలో ఉన్నది నేటి అభిప్రాయం. పాత బొమ్మను పారవేయనక్కరలేదు. రెండింటినీ ప్రక్కన ఉంచితే అభిప్రాయం ఎలా మారినదో తెలుస్తుంది.

నాల్గవది పట్టిక. ప్రతి బొమ్మకు ఒక సంఖ్య ఇచ్చి, పేరు, కాలం, దేశం, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అనేవి ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. మా మనవడు తెలుగు వ్రాయడానికి బద్ధకించేవాడు. ఈ పట్టిక కోసం 38 పేర్లు తెలుగులో వ్రాశాడు.

ఐదవది జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలకు చిన్న బొమ్మలు అందనీయకండి, నోట పెట్టుకొంటారు. పాత సీసపు బొమ్మలను పిల్లల చేతికి అసలు ఇవ్వరాదు, సీసం విషం. ప్లాస్టిక్ బొమ్మలను ఎండలో ఉంచితే రంగు వెలుస్తుంది. కొయ్యబొమ్మలను నీటితో కడగక మెత్తని కుంచెతో దులపండి.

నేటి జంతువులను తక్కువగా చూడకండి. చీతా మన దేశంలో అంతరించినదని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో విడిచారు. మన కడప జిల్లా కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక పోయినదని అనుకొంటుండగా 1986లో మళ్ళీ కనబడింది. బొమ్మల పెట్టెలో మాత్రమే మిగలకుండా చూచుకోవలసిన జంతువులు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఏ మెట్టు మీద?

ఇక శాస్త్రం మాట. దశావతారాల క్రమమే జీవపరిణామ సిద్ధాంతమని, అందుచేత ఈ బొమ్మలు కొలువులో ఉండవచ్చునని కొందరు మిత్రులు నాకు సమర్థన అందించారు. వారి సద్భావానికి కృతజ్ఞుడనే గాని, ఆ వాదాన్ని నేను స్వీకరించలేను. ఇతర ప్రమాణాలకు అందని దానిని తెలియజేయడమే శాస్త్రానికి ప్రయోజనమని మీమాంసకులు చెబుతారు. ఎముకలు చెప్పగలిగిన దానిని ఎముకలే చెప్పాలి. అవతారకథలు ధర్మరక్షణను, భగవంతుని కరుణను చెబుతాయి. ఒకదాని గౌరవానికి మరొకదాని సాక్ష్యం అవసరం లేదు.

నా సమాధానం ఇంతకంటె సులభమైనది. కొలువు మెట్ల అమరికలో క్రింది మెట్టున చెట్టు చేమలు, ఆపైన జంతువులు, ఆపైన మనుష్యులు, మహర్షులు, అందరికంటె పైన దేవతామూర్తులు ఉండడం కొన్ని ఇళ్ళ సంప్రదాయం. మా ఇంటిదీ అదే. ఏనుగు, ఎద్దు నిలిచే మెట్టు మీద మరొక ప్రాణి నిలవడానికి అభ్యంతరమేమి? మనిషి పుట్టక ముందు కూడా ఈ సృష్టి ఆ తల్లిదే కదా. పూజామందిరంలో మూలమూర్తి ప్రక్కన పెట్టమని నేను అనను. కొలువు అన్నది లోకాన్నంతా అమ్మవారి ఎదుట నిలబెట్టే ముచ్చట. అందులో పిల్లవాడు ప్రేమించిన వస్తువుకు చోటు లేకపోతే ఆ లోకం పూర్తి కాదు.

ఆ రోజు జంతువుల మెట్టు మీద కొండపల్లి ఏనుగు ప్రక్కన మనవని 37 బొమ్మలూ చేరాయి. మధ్యలో మట్టి కోటసారస్. ఆరేటప్పుడు మెడ దగ్గర చిన్న బీట పడింది, అలాగే ఉంచాము. ప్రక్కన చీటీ మీద "తల మా ఊహ" అని మనవని వ్రాత. మా అక్కయ్యే దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

ఉద్వాసన నాడు బొమ్మలు సర్దుతుండగా మా అబ్బాయి చేతికి ఒక చిన్న పొట్లం ఇచ్చాను. అంగడిలో వెదకి తెచ్చిన ఆవు బొమ్మ. "నలభై ఏళ్ళు ఆలస్యమయింది నాయనా" అన్నాను. వాడు దానిని కాసేపు చూచి, చేతిలో అటూ ఇటూ త్రిప్పి, గో శబ్దం ప్రథమా విభక్తి నుండి సప్తమి వరకు తప్పు లేకుండా అప్పజెప్పాడు. తృతీయ దగ్గర ఆగలేదు.

ఇళ్ళలోని పెద్దలకు నా ప్రార్థన ఒక్కటే. పిల్లల పెట్టెలను ఒకసారి తెరిచి, అందులో ఏమున్నదో వారినే అడిగి తెలుసుకోండి.

స్వస్తి.